గుండుగుత్త గోడ

తెలుగులో ‘గుండుగుత్త’ అని ఒక మాట ఉంది. వివరాల్లోకి పోకుండా, మొత్తానికి కలిపి ఇంత అని బేరం తెంపుకోవడం. కాయ కోయకముందే మామిడితోట మొత్తానికి ఒక రేటు మాట్లాడుకుంటే అది గుండుగుత్త. ఎంతమంది తింటారన్నది పక్కన పెట్టి పెళ్లివంటకి ఇంత అని చెప్పేస్తే అదీ అంతే. మన పత్రికలు కాంట్రాక్టరుని ఇప్పటికీ ‘గుత్తేదారు’ అనే రాస్తాయి. పాతబడిన మాటలా కనిపిస్తుంది గానీ, అందులో ఉన్నంత చరిత్ర ‘కాంట్రాక్టర్’లో లేదు.

పంతొమ్మిదో శతాబ్దం సగం దాటేదాకా నిజాం రాజ్యంలో శిస్తు వసూలు చాలామటుకు గుత్తకే నడిచేది. ఫలానా ప్రాంతం నుంచి సర్కారుకి ఇంత కట్టాలని ఒకడు ఒప్పుకుంటాడు. రైతుల దగ్గర ఎంత వసూలు చేసుకుంటాడన్నది ఇక అతని ఇష్టం. సర్కారుకి కట్టినదానికీ, ఊళ్ల నుంచి పిండినదానికీ మధ్య తేడాయే అతని లాభం. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ ఈ పద్ధతిని తీసేసే పనిలో పడ్డాడు. 1865లో జిలాబందీ తెచ్చి, జిల్లాలు ఏర్పాటు చేసి, జీతగాళ్లయిన అధికారులతో వసూలు చేయించాడు. భూమి కొలవడం, లెక్క రాయడం నెమ్మదిగా ఆ వెనకే వచ్చాయి. కొలత లేనిచోట గుత్తేదారు బతుకుతాడని ఆయనకి బాగా అర్థమైంది.

రాజ్యం తన శిస్తు విషయంలో అప్పుడే నేర్చుకున్న ఈ పాఠం, ఇల్లు బాగుచేయించుకునే మామూలు మనిషికి చట్టంగా అందడానికి ఇంకో నూట ముప్పై ఏళ్లు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే. దీంట్లోకి నేను పుస్తకాల్లోంచి రాలేదు, ఉబ్బిపోయిన ఒక గోడ వెంట వచ్చాను.

మా తాతగారి ఇల్లు అబిడ్స్‌కి కాస్త వెనగ్గా, బొగ్గులకుంట వైపు సందుల్లో ఉంది. ఇటుకగోడలు, డంగు సున్నం, ఇనుప గర్డర్ల మధ్య ఇటుక ఆర్చీలతో కప్పు, కింద షాబాదు బండలు. ఆ చుట్టుపక్కల 1930ల్లో, 40ల్లో కట్టిన ఇళ్లు చాలావరకు ఇలాగే ఉండేవి. ఇప్పుడు వాటిలో మిగిలినవి తక్కువ, మిగిలినవాటిలో చెక్కు చెదరనివి ఇంకా తక్కువ. బాత్రూం, వంటిల్లు, రెండు గదుల గోడలు బాగుచేయిద్దామని ఒక కాంట్రాక్టర్‌ని పిలిచాం. తిరిగి చూశాడు, గోడ మీద చేత్తో కొట్టాడు, ఫోన్‌లో ఏవో లెక్కలు వేసుకున్నాడు. అయిదు లక్షల ఎనభై వేలన్నాడు. "అన్నీ కలిపే సార్, ఫికర్ చెయ్యకుండ్రి."

ఈ ‘అన్నీ’లో ఏమేమి ఉంటాయో తెలియాలంటే ట్రూప్‌బజార్ వెళ్లాలి. కొళాయిలు, టైల్స్, లైట్లు, తలుపు గడియలు, అన్నీ అక్కడ దొరుకుతాయి. కాంట్రాక్టర్లు యజమానిని అక్కడికి ఎంతో ఉత్సాహంగా తీసుకెళ్తారు. షాపువాళ్లు చాయ్ ఇస్తారు, మనం గంటసేపు షవర్లు ఎంచుకుంటాం. కంటికి కనిపించే ప్రతి వస్తువుకీ మన ఆమోదముద్ర పడుతుంది. ఇసుక ఏది, సిమెంటుకి ఇసుక ఎంత, టైల్ కింద వాటర్‌ప్రూఫింగ్ ఎన్ని పూతలు, ఎన్ని రోజులు నీళ్లు కడతారు అన్న ప్రశ్నలకి మాత్రం ఏ బజారులోనూ షోరూం లేదు. గుండుగుత్తలో లాభం ఉండేది అక్కడే. కొళాయిలో కక్కుర్తి పడితే దొరికిపోతాడు. టైల్ కింద పడితే దొరకడానికి ఒక వానాకాలం పడుతుంది.

మా ఇంట్లోనూ ఒక వానాకాలమే పట్టింది. మొదటి పెద్ద వానల తర్వాత ఉత్తరం వైపు గోడ నేలనుంచి మూడడుగుల ఎత్తు దాకా ఉబ్బింది. పుట్టీ పొలుసులుగా లేచింది, తెల్లటి ఉప్పు పొడి రాలింది, వేలితో తడితే డొల్లగా మోగింది. బాత్రూం నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వచ్చేవి. ఫోన్ చేస్తే కాంట్రాక్టర్ జవాబు కమ్మగా ఉండేది: "ఏం గాదు సార్, ఒక్క కోటు గొడ్తే సెట్ అయితది." తర్వాత ఊళ్లో లేనన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

గోడ ఎందుకు ఉబ్బిందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఈ ఒక్క కారణం వల్ల నగరంలో ఎన్నో పాత ఇళ్లు పాడవుతున్నాయి, యజమానులేమో ‘పాతది కదా, ఇక కూల్చేద్దాం’ అన్న నిర్ణయానికి వచ్చేస్తున్నారు. సున్నపు గోడకి ఊపిరి ఉంటుంది. పునాదిలోంచి పైకెక్కిన తేమ ఆ మెత్తటి పొరల గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది. సిమెంటు పూత గట్టిది, బిగువైనది, దాని గుండా తేమ సరిగా పోలేదు. పాత సున్నపు గోడ మీద సిమెంటు కొడితే లోపలి తేమకి దారి మూసేసినట్టే. అది ఇంకా పైకెక్కుతుంది, తనతో పాటు ఉప్పుని తెస్తుంది, చివరికి ఆ పూతనే గోడ నుంచి తోసేస్తుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేస్తే అంత త్వరగా. పాత మేస్త్రీలకి ఇది తెలుసు. గానుగలో రోజుల తరబడి ఆడించిన సున్నం, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు, ఓపిగ్గా చెక్కబద్దతో కొట్టడం... ఆ పనికి పట్టే కాలానికి ఇప్పుడెవరూ కూలి ఇవ్వరు. అందుకే ఆ పని తెలిసినవాళ్లు ఇప్పుడు ఇళ్లలో కాక కోటల దగ్గర, సమాధుల దగ్గర కనిపిస్తున్నారు.

మా ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే దీనికి మంచి రుజువు ఉంది. మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. నగర అభివృద్ధి మండలికి అధ్యక్షుడిగా ఉన్న ఏడో నిజాం రెండో కొడుకు మొజం జా పేరు దానికి పెట్టారు. గ్రానైట్ రాయి మీద తరాల తరబడి రంగులు పూశారు, ఇష్టమొచ్చిన చేర్పులు కట్టారు, కారిన చోటల్లా ఏదో ఒకటి మెత్తారు. 2018 తర్వాత మొదలైన పునరుద్ధరణలో మొదటి పని కొత్తగా ఏదో చేర్చడం కాదు, ఈ మరమ్మతులన్నీ పీకేయడం! రంగు పొరలు తీశారు, సున్నంతో బాగుచేశారు, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఇప్పుడక్కడ ఐస్‌క్రీం తింటూ ఫొటోలు తీసుకునే మనం చూస్తున్నది, ఒకరకంగా, చెడ్డ రిపేర్ల కింద నుంచి బయటపడ్డ కట్టడాన్ని.

మార్కెట్టుకి శాఖ ఉంది, నిధులు వచ్చాయి, సంరక్షణ తెలిసిన ఆర్కిటెక్టులు వచ్చారు. మామూలు ఇంటికి ఏముంది? మా ఇంటికైతే మా బాబాయ్ ఉన్నాడు. ఆర్ అండ్ బీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. పని మొదలైన రోజే ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చి, పేజీలన్నింటికీ తన చేత్తో నంబర్లు వేసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నీ ఎం-బుక్. రోజూ కొలిచి రాయి. కప్పేసే ముందు కొలవాలిరా. కప్పేశాక దేవుడు కూడా కొలవలేడు."

ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. ప్రభుత్వ పనుల లోకంలో దానికి మించిన గ్రంథం లేదు. 1850ల నడుమ డల్హౌసీ హయాంలో పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడ్డాక స్థిరపడుతూ వచ్చిన పద్ధతులు ఇప్పటికీ మన రోడ్ల శాఖలో, నీటిపారుదల శాఖలో నడుస్తున్నాయి. పుస్తకంలో పేజీలకి ముందే నంబర్లుంటాయి, చింపడానికి వీల్లేదు. పొడవు, వెడల్పు, ఎత్తు, తేదీ రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాలి. మట్టి కిందకో, కాంక్రీటు కిందకో పోయే పనిని అది కప్పబడకముందే కొలవాలి. కింది ఇంజినీరు కొలిచింది పైవాడు మళ్లీ కొన్నిచోట్ల కొలిచి చూడాలి. అప్పుడే బిల్లు. బిల్లు పాసైనా మొత్తం డబ్బు ఇవ్వరు, కొంత అట్టిపెట్టుకుంటారు. పని అయ్యాక లోపాల బాధ్యత కాలం అని ఒక గడువు ఉంటుంది. ఆ లోపల బీటలిస్తే గుత్తేదారే తన ఖర్చుతో బాగుచేయాలి, ఆ గడువు దాటాకే అట్టిపెట్టిన డబ్బు చేతికొస్తుంది.

ఎం-బుక్ అబద్ధమాడదని కాదు. ఎంత బాగా ఆడగలదో తెలుగు పేపర్లు చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ అబద్ధం రాయాలన్నా అక్కడ ఎవరో ఒకరు సంతకం పెట్టి రాయాలి. ఆ తేడా చిన్నది కాదు. నాకు ఆశ్చర్యం కలిగించేది వేరే. తన గోడ విషయంలో సర్కారు ఇంత జాగ్రత్తగా రక్షణ కట్టుకుంది. అదే సర్కారు పాలనలో ఉన్న మనిషి తన గోడ గురించి వెళ్లి అడగాలంటే, చాలాకాలం పాటు, ఉన్నది ఒక్క సివిల్ కోర్టే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మాట తప్పినవాడి నుంచి నష్టపరిహారం రాబట్టుకోవచ్చు. కాకపోతే దావా విలువను బట్టి కోర్టు ఫీజు, వకీలు, ఏళ్లు. పగిలిన బాత్రూం కోసం అంత దూరం నడిచేవాళ్లు ఎంతమంది?

పాతకాలపు రాజులు ఈ సంగతిని ఇంత తేలిగ్గా వదిలేయలేదు. బాబిలోనియాలో హమ్మురాబి శాసనం దాదాపు 3,750 ఏళ్ల కిందటిది. కట్టిన ఇల్లు కూలి యజమాని చస్తే కట్టినవాణ్ణి చంపమన్న దాని కఠినత్వం అందరికీ తెలిసిందే. నాకు దాని పక్కనున్న రెండు నియమాలు ఎక్కువ నచ్చాయి. ఒకటి, ఇల్లు కట్టినందుకు ఇంత వైశాల్యానికి ఇంత వెండి అని కూలి నిర్ణయించడం. అంటే ఇప్పటి చదరపుటడుగు రేటన్నమాట. రెండోది, గోడ ఒరిగితే కట్టినవాడు తన సొంత ఖర్చుతో దాన్ని గట్టిపరచాలనడం. డిఫెక్ట్ లయబిలిటీకి తాతముత్తాత.

మన దగ్గర కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉంది. అందులో నాలుగో అధికరణం పేరు కంటకశోధనం, అంటే ముళ్లు ఏరెయ్యడం. జనానికి గుచ్చుకునే ముళ్లలో దొంగలు, హంతకులు తర్వాతెప్పుడో వస్తారు. మొట్టమొదటి ప్రకరణం కారుకరక్షణం, చేతిపనివాళ్ల నుంచి జనాన్ని కాపాడటం! నేతగాళ్లు, బట్టలుతికేవాళ్లు, కంసాలులు, వైద్యులు, ఆటపాటలవాళ్లు అంతా ఆ ఒక్క ప్రకరణంలోనే వరసగా ఉంటారు. నియమాల సారాంశం ఇది. పనివాడు ఎక్కడ, ఎప్పటికి, ఏ పని అన్నది తేల్చుకుని చేయాలి. ఆలస్యం చేస్తే కూలిలో పావు వంతు కోత, కోసినదానికి రెట్టింపు జరిమానా. ఆపద వచ్చి ఆగిపోతే మాత్రం మినహాయింపు. చెప్పింది ఒకటైతే చేసింది ఇంకొకటైతే మొత్తం కూలి పోతుంది, దానికి రెట్టింపు జరిమానా. ‘ఫలానా పని, ఫలానా గడువు అని మనం అనుకోలేదు కదా’ అని సాకు చెప్పి జరుపుకొచ్చేవాళ్ల సంగతి కూడా ఆయన ప్రత్యేకంగా ఎత్తాడు. రెండు వేల ఏళ్ల కిందటి మనిషికి గుండుగుత్తలోని కిటుకు తెలుసు.

అయితే ఇందులో నాకు ఇబ్బందిగా అనిపించేదొకటి ఉంది. కౌటిల్యుడికి ముల్లు ఎవరంటే, పని చేసిన చెయ్యే. మధ్యలో నిలబడి డబ్బు తీసుకునేవాడి మీద కాదు, కూలికి పనిచేసేవాడి మీదే దండన. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

మన కాలంలో దారి మారింది 1986లో. ఆ ఏడాది డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. జిల్లాకో ఫోరం, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కాగితం మీద రాసిచ్చుకుంటే చాలన్నారు. అప్పట్లో జిల్లా ఫోరం లక్ష రూపాయలలోపు వ్యవహారాలే చూసేది. మిక్సీలు, టీవీలు, టెలిఫోన్ బిల్లులు వచ్చాయి. ఇళ్లు కూడా వచ్చాయి గానీ చట్టంలో ‘సేవ’ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో బ్యాంకులు, బీమా, రవాణా, కరెంటు అన్నీ ఉన్నాయి, ఇళ్ల నిర్మాణం మాత్రం లేదు. ‘ఇల్లంటే స్థిరాస్తి, అది వస్తువూ కాదు, సేవా కాదు, మీరు సివిల్ కోర్టుకి పొండి’ అని కట్టించినవాళ్లు వాదించడానికి ఆ ఖాళీ చాలు. అలా వాదించినవాళ్లలో ప్రైవేటు బిల్డర్లే కాదు, సర్కారువారి డెవలప్‌మెంట్ అథారిటీలూ ఉండటం విశేషం. తన గోడ కట్టించుకునేటప్పుడు లోపాల బాధ్యత అంటూ డబ్బు అట్టిపెట్టుకునే సర్కారు, జనానికి ఇల్లు కట్టి అమ్మేటప్పుడు మాత్రం నాకే బాధ్యతా లేదంది.

1993లో రెండు జరిగాయి. జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ‘ఇళ్ల నిర్మాణం’ అనే మాట ‘సేవ’ నిర్వచనంలో చేరింది. నవంబరు 5న సుప్రీంకోర్టు లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ ఎం.కె. గుప్తా కేసులో తీర్పిచ్చింది. లక్నోలో గోమతీనగర్ పథకం కింద ఫ్లాటుకి డబ్బు కట్టిన మనిషికి ఇల్లు పూర్తిచేసి ఇవ్వకుండా తిప్పిన కథ అది. న్యాయమూర్తులు కుల్‌దీప్ సింగ్, ఆర్.ఎం. సహాయ్ చెప్పింది తేటగా ఉంది. సవరణ రాకముందు కూడా ఇల్లు కట్టివ్వడం సేవే. నాసిరకం సరుకు వాడితే, చెప్పిన గడువు దాటితే అది సేవలో లోపమే, కట్టింది సర్కారువారైనా సరే. మనిషిని తిప్పినందుకు జాతీయ కమిషన్ వేసిన పదివేల పరిహారాన్ని ఉంచి, దాన్ని బాధ్యులైన అధికారుల నుంచే వసూలు చేయమన్నారు. ఖజానాలోంచి ఇస్తే అది మళ్లీ జనం డబ్బే అవుతుంది కాబట్టి. పదివేలు పెద్ద మొత్తం కాకపోవచ్చు గానీ ఆ వాక్యం పెద్దది.

తర్వాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. 1995లో శాంత కేసుతో వైద్యులు కూడా ఈ చట్టం కిందికి వచ్చారు. కౌటిల్యుడు వైద్యుణ్ణి కంసాలి పక్కన కూర్చోబెట్టిన చోటికే సుప్రీంకోర్టు తిరిగి చేరిందన్నమాట! 2012లో హైదరాబాద్ నుంచే వెళ్లిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో, లేఅవుట్ వేసి సౌకర్యాలు కల్పిస్తామని చెప్పి అమ్మే ప్లాట్లు కూడా సేవేనని తేలింది. 2016 నాటి రెరా చట్టం కొత్త ప్రాజెక్టుల్లో పనితనం లోపాలకి అయిదేళ్ల పూచీ పెట్టింది. కానీ అది మా బాత్రూం లాంటి రిపేర్లకి వర్తించదు. మా లాంటివాళ్లకి ఉన్నది 2019లో తిరగరాసి, 2020 జులై 20 నుంచి అమలు చేస్తున్న వినియోగదారుల చట్టమే.

దాని గుమ్మం నాంపల్లిలో ఉంది. నాంపల్లి అనగానే చాలామందికి క్రిమినల్ కోర్టులు గుర్తొస్తాయి. కాంట్రాక్టర్ మోసం చేశాడనగానే చుట్టాలందరూ ‘కేసు పెట్టు, నాంపల్లి తిప్పు’ అనేదీ అందుకే. పోలీసులు ‘ఇది సివిల్ మ్యాటర్ సార్’ అనడం ప్రతిసారీ తప్పించుకోవడమే కాదు. మొదటినుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపించలేకపోతే, మాట తప్పడం ఒక్కటే నేరం కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. సున్నం మీద సిమెంటు కొట్టడం నేరం కాదు, చెడ్డ పని. దాన్ని అడిగే చోటు వేరు. ముకర్రంజాహీ రోడ్డు మీద, నుమాయిష్ మైదానం చాయల్లో, చంద్రవిహార్ అనే పెద్ద భవనంలో హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. అదే రోడ్డు మీద హౌసింగ్ బోర్డు వారి గృహకల్ప ఉంది. మొజంజాహీ మార్కెట్ కట్టిన కాలపు నగర అభివృద్ధి మండలికి వారసురాలు ఈ హౌసింగ్ బోర్డే. కట్టే సంస్థ, కట్టడం బాగోలేదని మొరపెట్టుకునే చోటు ఒకే రోడ్డు మీద పక్కపక్కన ఉండటం ఎవరూ అనుకుని చేసింది కాకపోయినా బాగుంది.

మేం చెల్లించింది అయిదు లక్షలు దాటింది కాబట్టి ఫీజు రెండు వందల రూపాయలు. అయిదు లక్షల దాకా అదీ లేదు. చట్టం ప్రకారం మూడు నెలల్లో తేలాలి. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. కాంట్రాక్టర్ తరఫు జవాబులో మూడు ముక్కలున్నాయి: గోడ పాతది, తేమ ముందునుంచే ఉంది, పని చేసింది మేస్త్రీ కాబట్టి లోపం ఏదైనా అతనిదే. మాట్లాడుకున్నది గుండుగుత్తకి కాబట్టి ఏ పూతా ఎన్నిసార్లని ఒప్పందంలో లేదని కూడా అన్నారు. కౌటిల్యుడు ఎత్తిన సాకు, అక్షరం పొల్లు పోకుండా!

బాబాయ్ నోట్‌బుక్ పనికొచ్చింది అప్పుడే. ఫలానా తేదీన బాత్రూం నేల మీద వాటర్‌ప్రూఫింగ్ ఒక్క పూత, మర్నాడు పొద్దున్నే టైల్స్. నీళ్లు నిలబెట్టి చూడలేదు. ఫలానా తేదీన ఉత్తరపు గోడకి సిమెంటు పూత, రెండు రోజులే నీళ్లు కట్టారు, మూడో రోజు పుట్టీ. పక్కన టేపు పెట్టి తీసిన ఫొటోలు, అదే రోజు వాట్సప్‌లో కాంట్రాక్టర్‌కి పంపినవి, అతను పెట్టిన బొటనవేలి గుర్తులు. ఆ బొటనవేళ్లే ఒప్పందం అయ్యాయి. కమిషన్ ఒక అడ్వకేట్ కమిషనర్‌ని, ఒక ఇంజినీరుని ఇంటికి పంపింది. ఇంజినీరు సుత్తి పిడితో గోడంతా తడుతూ పోయాడు. డొల్లగా మోగిన చోటల్లా చాక్‌పీస్‌తో గుండ్రంగా గీశాడు. గోడ మీద ఆ తెల్లటి సున్నాలు లెక్కపెడుతూ నిలబడ్డప్పుడు ఎందుకో నా కోపం చాలావరకు పోయింది. కోపం కొలవడానికి లొంగేది కాదు గానీ ఆ సున్నాలు లొంగాయి.

ఆ రోజు మేస్త్రీ కూడా వచ్చాడు. పాలమూరు మనిషి, నలభై దాటి ఉంటాయి, పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లోనే పని. రమ్మని నేనే అడిగాను, వస్తాడనుకోలేదు. కాంట్రాక్టర్ కూడా అక్కడే ఉన్నాడు. సిమెంటు ఎంత, ఇసుక ఎంత కలిపావని ఇంజినీరు అడిగితే మేస్త్రీ కాసేపు నేలచూపులు చూసి చెప్పాడు. "ఒకటికి ఆరన్నడు సార్, బస్తాలు తక్కువొచ్చినయి, ఒకటికి తొమ్మిది దాకా వోయినం. పాతగోడకు సిమెంటు నిలవదని నేను జెప్పిన. చెప్పింది జెయ్ అన్నడు."

పనిచ్చేవాడి ముందు నిలబడి ఆ మాట చెప్పడానికి ఎంత పోతుందో అతనికి తెలుసు. అడ్డా మీద ఈ కబురు సాయంత్రానికల్లా తిరుగుతుంది.

ఇంజినీరు రిపోర్టు వచ్చాక కాంట్రాక్టర్ మీడియేషన్‌కి ఒప్పుకున్నాడు. మూడు లక్షల పదివేలు, మూడు విడతల్లో. రెండో విడత నెల ఆలస్యంగా వచ్చింది, మొత్తానికి వచ్చింది. ఉత్తరపు గోడ సిమెంటు పొర పూర్తిగా కొట్టించి సున్నపు పూత వేయించాం. నున్నగా లేదు, అక్కడక్కడా అలలు అలలుగా ఉంది. రెండు వానాకాలాలు గడిచాయి, ఉబ్బలేదు.

ఇప్పుడు వదిలేసిన సంగతి. ‘లోపం మేస్త్రీదే’ అన్న జవాబు చట్టం ముందు నిలవలేదు. ఒప్పుకున్నవాడిదే బాధ్యత, పని ఎవరి చేత చేయించుకున్నాడన్నది అతని గొడవ. కౌటిల్యుడి నుంచి ఇక్కడిదాకా వచ్చిన పెద్ద మార్పు ఇదేనని నాకనిపిస్తుంది. దండన చేతి మీంచి గుత్త మీదికి జరిగింది. చట్టం ‘వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని’ సేవ నిర్వచనంలోంచి తీసేసింది కూడా. పొద్దున్నే అడ్డా నుంచి రోజుకూలికి మనిషిని తెచ్చుకుని, మనమే పక్కన నిలబడి చేయించుకుంటే, ఆ కూలీ మీద ఈ కమిషన్‌కి వెళ్లడం కుదరదనే అనుకోవాలి. అది న్యాయమే. కానీ చంద్రవిహార్ మెట్లు ఒకవైపే ఎక్కుతాయి. డబ్బిచ్చి పని చేయించుకున్నవాడు అక్కడికి వెళ్లగలడు. పని చేసి డబ్బు రానివాడికి అక్కడ స్థానం లేదు. అర్థశాస్త్రంలో ఇంకోచోట కూలి ఎగ్గొట్టే యజమానికి కూడా జరిమానా ఉంది. ఇప్పుడూ ఉంది, వేరే చట్టాల్లో, వేరే ఆఫీసుల్లో.

మూడో విడత డబ్బు పడ్డ వారానికి మేస్త్రీ ఫోన్ చేశాడు. మా పని తాలూకు ముప్పై ఎనిమిది వేలు కాంట్రాక్టర్ అతనికి బాకీ. ‘నీ చెడ్డ పని వల్లే నాకు మూడు లక్షలు పోయినయి’ అని ఆపేశాడట.

"మీ పైసలు వచ్చినయంట గదా సార్. మరి నా పైసలకు ఏడికి పోవాలె?"

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉందని, లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాలని, ఎన్ని రోజులు పనిచేశాడో కాగితం కావాలని చెప్పాను. కాగితం ఏడుంటది సార్ అన్నాడు. నోట్‌బుక్ తీశాను. రోజూ ఎంతమంది వచ్చారో, ఎవరెవరు వచ్చారో బాబాయ్ పద్ధతి ప్రకారం ప్రతి పేజీ పైన రాసి ఉంది. ఇరవై ఆరు రోజులు. ఆ పేజీలన్నీ జిరాక్స్ తీయించి అతనికిచ్చాను. వచ్చే మంగళవారం అతను పని మానుకుని అక్కడికి వెళ్లాలి. ఆ రోజు కూలి పోతుంది.